సింగిల్ స్టేజా, టూ స్టేజా: టార్గెట్ రైఫిల్ ట్రిగ్గర్ ఎంపిక

రైఫిల్‌లో ట్రిగ్గర్ చేయాల్సిన పని ఒక్కటే: బిగపట్టి ఉన్న స్ప్రింగును షూటర్ కోరిన క్షణంలో, రైఫిల్ కదలకుండా వదలడం. స్ప్రింగును వదలడం తేలికే. కదలకుండా వదలడమే కష్టం. టార్గెట్ రైఫిళ్లు చేసేవాళ్లు వందేళ్లకు పైగా కుస్తీ పడుతున్నది ఈ రెండో పనితోనే. ఆ కుస్తీలో నిలిచిన పద్ధతులు ప్రధానంగా రెండు. వేలు నొక్కుతున్నప్పుడు ముందుగా ఏ కదలికా తెలియకుండా, నిర్ణీతమైన ఒత్తిడి దగ్గర ఠక్కున విడిపోయేది సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్. కొంత దూరం తేలిగ్గా వెనక్కి జరిగి, ఒకచోట ఆగి, అక్కడ మరికొంచెం ఒత్తిడి పెడితే విడిపోయేది టూ స్టేజ్ ట్రిగ్గర్. సైకిల్ బ్రేకు పట్టే అలవాటున్నవాళ్లకు ఈ రెండోది తెలిసినట్టే ఉంటుంది: లివరు మొదట వదులుగా వస్తుంది, రబ్బరు రిమ్ముకు ఆనగానే వేలికి తెలుస్తుంది, అసలు నొక్కుడు అక్కడి నుంచే మొదలవుతుంది.

కదలకుండా అంటే ఎంత కదలకుండా? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద పది పాయింట్ల గుర్తు అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. ఇప్పటి లెక్కింపు దశాంశాల్లో జరుగుతుంది; అతి ఎక్కువ 10.9. పెల్లెట్ కేంద్రం నుంచి ప్రతి పావు మిల్లీమీటరు జరిగినప్పుడల్లా 0.1 పాయింటు పోతుంది. రైఫిల్ భుజం దగ్గర ఇరుసులా తిరుగుతుందనీ, బ్యారెల్ మూతి అక్కడి నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుంటే, మూతి 0.08 మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, 10 మీటర్ల దూరంలో పెల్లెట్ ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అంటే 0.4 పాయింటు. 0.08 మిల్లీమీటరు సుమారుగా ఒక తలవెంట్రుక మందం.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ ఫైనల్లో ఆఖరి షాట్ ముందు అభినవ్ బింద్రా, ఫిన్లండ్ షూటర్ హెన్రీ హాక్కినెన్ సరిసమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు, హాక్కినెన్ 9.7 కొట్టాడు. ఒకరికి స్వర్ణం, మరొకరికి కాంస్యం. కేంద్రం నుంచి దూరంలో ఆ రెండు పెల్లెట్ల తేడా దాదాపు 2.75 మిల్లీమీటర్లు, బ్యారెల్ మూతి దగ్గర చూస్తే పావు మిల్లీమీటరు కన్నా తక్కువ. పతకాలు ఈ కొలతల్లో తేలే ఆటలో వేలు ట్రిగ్గర్ మీద పెట్టే ఒత్తిడి చిన్న విషయం కాదు. ఐదు కిలోలకు పైబడిన ఎయిర్ రైఫిల్‌కు ట్రిగ్గర్‌ను 100 గ్రాముల దగ్గర పెట్టుకోవడం మామూలు. తుపాకీ బరువులో ఇది యాభయ్యో వంతు. అదే నాలుగు కిలోల సైనిక రైఫిల్‌కు మూడు కిలోల దాకా ట్రిగ్గర్ ఒత్తిడి ఉండేది. టార్గెట్ రైఫిల్‌కూ యుద్ధపు తుపాకీకీ మధ్య ఉన్న అసలు దూరం ఈ నిష్పత్తిలోనే ఉంది.

ట్రిగ్గర్ లోపలి కథ అంతా ఒక గొళ్లెం చుట్టూ తిరుగుతుంది. బోల్ట్ మూసినప్పుడు ఫైరింగ్ పిన్ వెనకున్న స్ప్రింగు కుదించుకుని, ముందుకు దూకడానికి సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఆపి ఉంచే ఉక్కు ముక్క పేరు సియర్. సియర్ అంచు, దానికి ఎదురుగా ఉన్న అంచు ఒకదానిమీద ఒకటి ఆని ఉంటాయి. ఆ ఆనిక లోతు మామూలు సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్లలో అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కడమంటే ఆ అర మిల్లీమీటరును జార్చేయడమే. రెండు ఉక్కు అంచులు బరువు మోస్తూ ఒకదానిమీద ఒకటి జారాలి కాబట్టి రాపిడి తప్పదు. ఆనిక ఎక్కువగా ఉన్నా, అంచులు గరుకుగా ఉన్నా, ఆ జారుడు వేలికి ఈడ్పుగా తెలుస్తుంది. షూటర్లు దీన్ని క్రీప్ అంటారు. క్రీప్ ఉన్న ట్రిగ్గర్‌తో షాట్ ఎప్పుడు వెళ్తుందో తెలియక వేలు తడబడుతుంది. దాన్ని తగ్గించాలంటే ఆనిక తగ్గించాలి. ఆనిక మరీ తగ్గితే చిన్న కుదుపుకే గొళ్లెం జారిపోతుంది. సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్ తయారీ అంతా ఈ రెండింటి మధ్య ఇరుకు దారిలో నడవడమే.

రెండు దశల ఆలోచన పుట్టింది టార్గెట్ మైదానంలో కాదు, సైన్యంలో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన మౌజర్, లీ ఎన్‌ఫీల్డ్ వంటి బోల్ట్ రైఫిళ్లు బురదలో పడాలి, గుర్రాల మీద నుంచి జారాలి, శిక్షణ అంతంతమాత్రంగా ఉన్న సిపాయి చేతిలో పనిచేయాలి. వాటికి సియర్ ఆనిక లోతుగా ఉండి తీరాలి. ఆనిక లోతుగా ఉంటే ట్రిగ్గర్ పొడుగ్గా, ఈడ్పుగా ఉంటుంది, గురి చెడుతుంది. ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం చూడ్డానికి చాలా చిన్నది: ట్రిగ్గర్ పైభాగంలో రెండు బుడిపెలు. మౌజర్‌లో నొక్కినప్పుడు మొదట ఇరుసుకు దగ్గరగా ఉన్న బుడిపె రైఫిల్ అడుగుభాగానికి ఆనుతుంది. ఇరుసుకు దగ్గర కాబట్టి మీట బలం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. వేలు చాలా దూరం జరుగుతుంది, లోతైన ఆనికలో ఎక్కువ భాగం ఈ కదలికలోనే ఖర్చయిపోతుంది. తర్వాత దూరంగా ఉన్న రెండో బుడిపె ఆనుతుంది. మీట బలం ఒక్కసారిగా తగ్గుతుంది, వేలికి గోడ తగిలినట్టు అనిపిస్తుంది. అక్కడ మిగిలి ఉన్న ఆనిక చాలా తక్కువ. మరికాస్త నొక్కితే షాట్ వెళ్తుంది. వేలు తీసేస్తే స్ప్రింగు ట్రిగ్గర్‌ను మళ్లీ లోతైన ఆనికలోకి తోసేస్తుంది. కదిలేటప్పుడు భద్రత, పేల్చేటప్పుడు సున్నితత్వం, రెండూ ఒకే ఉక్కు ముక్కలో కుదిరాయి. ఇంత పొదుపైన యంత్రరచన తుపాకుల చరిత్రలో అరుదు.

మన దగ్గర ఈ ట్రిగ్గర్ పరిచయం లేనిదేమీ కాదు. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై, దశాబ్దాల పాటు పోలీసు స్టేషన్లలో కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిల్‌ది ఇదే పద్ధతి. రెండు దశలూ కలిపి దాని ట్రిగ్గర్ రెండున్నర నుంచి మూడు కిలోల దాకా ఉండేది. దాంతో శిక్షణ పొందినవాళ్లకు మొదటి ఒత్తిడి, రెండో ఒత్తిడి అన్న పాఠం కొత్త కాదు.

ఇప్పటి టార్గెట్ రైఫిళ్లలో బుడిపెలు పోయి, చిన్న చిన్న మీటలు, విడివిడి స్ప్రింగులు, సన్నని స్క్రూలు వచ్చాయి. ఫైరింగ్ పిన్ స్ప్రింగు బరువును ఒకే సియర్ మీద మోపకుండా రెండు మూడు మీటల గుండా దించితే, చివరి మీట దగ్గర మిగిలే బరువు స్వల్పం. ఆ చివరి మీటనే ట్రిగ్గర్ కదుపుతుంది. ఇటువంటి యంత్రంలో మొదటి దశకు ఒక స్ప్రింగు, రెండో దశకు మరొకటి ఉంటాయి. వేలు మొదటి స్ప్రింగును మాత్రమే నొక్కుతూ కొన్ని మిల్లీమీటర్లు వస్తుంది; ట్రిగ్గర్ రెండో మీటకు తగిలిన చోట రెండో ఒత్తిడి కలుస్తుంది. రెండింటి బరువునూ, మొదటి దశ పొడవునూ వేర్వేరుగా మార్చుకోవచ్చు. జర్మనీలోని ఉల్మ్ పట్నానికి చెందిన అన్షూట్జ్ కంపెనీ తన మ్యాచ్ 54 రైఫిళ్లకు రెండు రకాలూ అమ్ముతుంది: 5018 టూ స్టేజ్, 5020 సింగిల్ స్టేజ్. ఒకే రైఫిల్, ఒకే బ్యారెల్, ఒకే ఫైరింగ్ పిన్. మారేది ట్రిగ్గర్ పెట్టె ఒక్కటే. ఎయిర్ రైఫిళ్లలో మరీ సులువు. చాలా మోడళ్లలో మొదటి దశ పొడవు తగ్గించే స్క్రూను చివరిదాకా తిప్పితే టూ స్టేజ్ ట్రిగ్గరే సింగిల్ స్టేజ్ అయిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. సింగిల్ స్టేజ్ వేగమైనదనీ, షాట్ త్వరగా వెళ్తుందనీ చాలామంది అనుకుంటారు. సియర్ జారిన క్షణం నుంచి ఫైరింగ్ పిన్ తూటా అడుగున తగిలే దాకా పట్టే వ్యవధిని లాక్ టైమ్ అంటారు. మంచి మ్యాచ్ రైఫిళ్లలో ఇది కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే. అది ఫైరింగ్ పిన్ బరువు, అది ప్రయాణించే దూరం, స్ప్రింగు బలం మీద ఆధారపడుతుంది. సియర్ జారాక ట్రిగ్గర్‌కు ఒక దశ ఉందా రెండు దశలున్నాయా అన్నది ఫైరింగ్ పిన్‌కు పట్టదు. తేడా వచ్చేది సియర్ జారకముందు, మనిషి వైపున. కంటికి గురి సరిగ్గా కనిపించాక వేలు స్పందించడానికి మామూలుగా 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. లాక్ టైమ్‌తో పోలిస్తే అది యాభై రెట్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. ఈ 200 మిల్లీసెకన్లలో రైఫిల్ కదులుతూనే ఉంటుంది. కాబట్టి రెండు రకాల మధ్య పోటీ ఉక్కు వేగంలో కాదు, ఆ వ్యవధిలో వేలు ఏ స్థితిలో ఉండి ఏం చేస్తోందన్న దానిలో ఉంది.

టూ స్టేజ్ ట్రిగ్గర్ వేలికి ఒక మజిలీ ఇస్తుంది. షూటర్ గురి మీదకు దిగుతూ మొదటి దశను నొక్కి, గోడ దగ్గర ఆగి, శ్వాస నిలిపి, రైఫిల్ పట్టు (హోల్డ్) స్థిరపడే దాకా వేచి ఉండగలడు. అప్పటికి అవసరమైన ఒత్తిడిలో ఎక్కువ భాగం పెట్టేసి ఉంటాడు. మొత్తం 100 గ్రాములనుకుంటే, 70 గ్రాములు మొదటి దశలోనే పోయి, మిగిలేది 30 గ్రాములే. విడుదల క్షణంలో కొత్తగా చేర్చే బలం ఎంత తక్కువైతే రైఫిల్‌కు తగిలే తోపుడు అంత తక్కువ. సింగిల్ స్టేజ్‌లోనూ అనుభవమున్న షూటర్ 100లో 70 గ్రాములు ముందే పెట్టగలడు. కాని ఆ 70 ఎక్కడుందో యంత్రం చెప్పదు, వేలే గుర్తుంచుకోవాలి. ఫైనల్లో గుండె దడదడలాడుతున్నప్పుడు వేలి జ్ఞాపకం 70ని 90గా పొరబడడానికి ఎంతోసేపు పట్టదు.

వేలి స్పర్శకు దానిదైన లెక్క ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో లైప్‌జిగ్‌లో ఎర్న్‌స్ట్ హైన్‌రిష్ వెబర్ అనే శరీరశాస్త్రవేత్త, మనిషి బరువుల్లో తేడాను గ్రాముల్లో గాక నిష్పత్తిలో గుర్తుపడతాడని చూపించాడు. చేతిలో తక్కువ బరువుంటే చిన్న మార్పు తెలుస్తుంది. ఎక్కువ బరువుంటే అంతే మార్పు తెలియదు. ట్రిగ్గర్ మీద ఈ సూత్రం రెండు వైపులా పనిచేస్తుంది. మొదటి దశను మరీ బరువుగా, రెండో దశను మరీ తేలిగ్గా పెడితే గోడ మసకబారుతుంది: 90 గ్రాముల మీద 10 గ్రాముల పెంపు వేలికి సరిగ్గా ఆనదు, షూటర్ ఆగకుండానే గోడ దాటేస్తాడు. రెండో దశను మరీ బరువుగా పెడితే గోడ స్పష్టంగానే ఉంటుంది, కాని టూ స్టేజ్ ఇచ్చే లాభం పోతుంది. మొదటి దశకు సగం నుంచి మూడొంతుల దాకా, మిగిలింది రెండో దశకు ఇచ్చే పంపకం ఎక్కువమందికి సరిపడుతుంది. ఇది ఇంజినీరింగ్ నియమం కాదు, చేతుల మీద తేలిన అంచనా మాత్రమే.

చలిలో ఈ లెక్క ఇంకా తారుమారవుతుంది. మంచులో స్కీయింగ్ చేస్తూ వచ్చి కాల్చే బయథ్లాన్‌లో వేళ్లు మొద్దుబారి ఉంటాయి, గుండె నిమిషానికి నూట యాభైకి పైగా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలన్న నియమం ఉంది. టార్గెట్ కూడా సూక్ష్మమైన చుక్క కాదు: 50 మీటర్ల దూరంలో పడుకుని కాల్చేటప్పుడు 45 మిల్లీమీటర్ల పళ్లెం, నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్ల పళ్లెం. ఊగుతున్న గురి పళ్లెం మీదుగా దాటిపోయే లోపలే నిర్ణయం జరిగిపోవాలి. మొద్దుబారిన వేలికి ఎక్కడ ఆగాలో యంత్రమే చెప్పే టూ స్టేజ్ ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. చలి ఎరగని హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ పట్టే షూటర్‌కు ఆ అవసరం అదే స్థాయిలో ఉండదు. ఒకరి సలహా మరొకరికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

పోటీ నియమాలు చాలాసార్లు ఎంపికను సగం తేల్చేస్తాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు, 50 మీటర్ల రైఫిల్‌కు ట్రిగ్గర్ కనీస బరువు లేదు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు 1,500 గ్రాములు ఉండాలి. పిస్టళ్లలో ఎయిర్ పిస్టల్‌కు 500, 25 మీటర్ల పిస్టల్‌కు 1,000 గ్రాములు. తనిఖీలో నిలువుగా పట్టిన తుపాకీ ట్రిగ్గర్‌కు ఆ బరువు తగిలించి ఎత్తుతారు. ట్రిగ్గర్ విడిపోకుండా బరువు పైకి లేవాలి. రెండు దశలున్నా ఈ పరీక్ష చూసేది మొత్తాన్నే. ఆ వెసులుబాటును షూటర్లు బాగా వాడుకున్నారు. అమెరికాలో సర్వీస్ రైఫిల్ పోటీలకు ట్రిగ్గర్ కనీసం నాలుగున్నర పౌండ్లు, అంటే రెండు కిలోలు దాటి ఉండాలి. సింగిల్ స్టేజ్‌లో ఆ బరువంతా ఒకేచోట విడిపోతే రైఫిల్ జర్కు తినకుండా ఉండడం కష్టం. అదే రెండున్నర పౌండ్లు మొదటి దశకూ రెండు పౌండ్లు రెండో దశకూ పంచితే నియమమూ నిలుస్తుంది, విడుదల దగ్గర వేలికి చేరే భారం సగానికి తగ్గుతుంది. కనీస బరువు నియమం ఉన్నచోట టూ స్టేజ్‌కు తిరుగులేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. వాదన మిగిలేది కనీస బరువు లేని చోట్లలోనే.

ఆ చోట్లలో సింగిల్ స్టేజ్ బలంగా నిలిచే ఆట బెంచ్‌రెస్ట్. అక్కడ రైఫిల్ ఇసుక సంచుల మీద పడుకుని ఉంటుంది. షూటర్ దాన్ని మోయడు, కొందరైతే వేలు తప్ప మరేదీ తాకనివ్వరు. ట్రిగ్గర్ 50 నుంచి 60 గ్రాముల దగ్గర ఉండడం సాధారణం. తుపాకీ స్థిరంగా ఉంది, మనిషి వణుకు దాని దాకా రాదు. మజిలీ అవసరమే లేదు. మొదటి దశలో వేలు ప్రయాణించే ఆ కొన్ని మిల్లీమీటర్లు కూడా సంచుల మీద రైఫిల్‌ను కదపగలవు. అందువల్ల కదలికే తెలియని, గాజు పుల్ల విరిగినట్టు విడిపోయే సింగిల్ స్టేజ్ అక్కడి రివాజు.

50 మీటర్ల రైఫిల్లో పడుకుని కాల్చే భంగిమ దీనికి కాస్త దగ్గరగా ఉంటుంది. స్లింగు బిగించి, మోచేతులు నేలకు ఆనించిన షూటర్ హోల్డ్ ఎంతో నిలకడగా ఉంటుంది. ఈ భంగిమలో సింగిల్ స్టేజ్ అభిమానులు ఎప్పుడూ ఉన్నారు. నిలబడి కాల్చేటప్పుడు ఆ నిలకడ ఉండదు. గురి చుక్క చుట్టూ నిరంతరం తిరుగుతూనే ఉంటుంది. అక్కడ షూటర్లు రెండు రకాలు. గోడ దగ్గర ఒత్తిడి పెట్టి ఉంచి, గురి కుదురుకున్న కొద్దీ ఒత్తిడి పెంచుకుంటూ పోయి, షాట్‌ను తనంతట తాను వెళ్లనిచ్చేవాళ్లు ఒక రకం. గురి మధ్యకు వస్తున్నప్పుడే నిర్ణయం తీసుకుని చప్పున విడుదల చేసేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లు టూ స్టేజ్ వైపు, రెండోవాళ్లు సింగిల్ స్టేజ్ వైపు మొగ్గుతారని పుస్తకాల్లో రాసినంత చక్కగా మైదానంలో జరగదు. గోడ దగ్గర అసలు ఆగకుండా రెండు దశలనూ ఒకే ఊపులో దాటే షూటర్లున్నారు. మూడు భంగిమల పోటీలో పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ ఒకే ట్రిగ్గర్ వాడాలి కాబట్టి రెండింటికీ సరిపోయేదాన్ని పట్టుకోవడం ఒక రాజీ.

తేలికైన ట్రిగ్గర్ ఏ రకమైనా దానికి ఒక ప్రమాదం అంటుకుని ఉంటుంది. 2008 బీజింగ్‌లోనే 50 మీటర్ల మూడు భంగిమల ఫైనల్లో అమెరికన్ మాథ్యూ ఎమన్స్ ఆఖరి షాట్ ముందు 3.3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. 6.7 కొట్టినా స్వర్ణం అతనిదే. నిలబడి, రైఫిల్‌ను టార్గెట్ పైనుంచి కిందికి దింపుతుండగా వేలు ట్రిగ్గర్‌కు తగిలి షాట్ వెళ్లిపోయింది. పడింది 4.4. స్వర్ణం చైనా షూటర్ చియు జియాన్‌కు పోయింది, ఎమన్స్ నాలుగో స్థానంలో మిగిలాడు. 4.4 అంటే 50 మీటర్ల టార్గెట్ మీద కేంద్రం నుంచి సుమారు ఐదు సెంటీమీటర్లు. బ్యారెల్ మూతి దగ్గర లెక్కేస్తే ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆ క్షణంలో రైఫిల్ తన దారిలోనే కిందికి దిగుతోంది. తప్పు గురిలో లేదు, వేలు తాకిన వేళలో ఉంది. ఇంతటి షూటర్‌కు జరిగింది కొత్తగా నేర్చుకునేవాళ్లకు రోజూ జరగవచ్చు. నేర్చుకునే దశలో టూ స్టేజ్ మేలనడానికి అసలు కారణం ఇదే. పొరపాటున తాకిన వేలి ఒత్తిడి మొదటి దశలో ఎంతోకొంత ఖర్చవుతుంది, గోడ తగిలి హెచ్చరిక అందుతుంది. సింగిల్ స్టేజ్‌లో ఆ హెచ్చరిక లేదు.

భద్రత విషయంలో మరో లెక్క కూడా చూడాలి. ట్రిగ్గర్ బ్లేడుకూ బరువుంటుంది. పది గ్రాముల బ్లేడున్న తుపాకీకి గురుత్వాకర్షణకు పది రెట్ల కుదుపు తగిలితే, బ్లేడు తన బరువుతో తానే ట్రిగ్గర్‌ను 100 గ్రాముల బలంతో నొక్కినట్టవుతుంది. గట్టి నేల మీద తుపాకీ కిందపడితే కలిగే కుదుపు అంతకన్నా చాలా ఎక్కువ. అందుకే మ్యాచ్ రైఫిల్‌ను టార్గెట్ వైపు తిప్పాకే తూటా ఎక్కిస్తారు; అంతవరకూ ఛాంబర్‌లో రంగు దారం లాంటి సేఫ్టీ ఫ్లాగ్ ఉంటుంది. సైన్యపు ట్రిగ్గర్‌కున్న లోతైన ఆనిక మ్యాచ్ ట్రిగ్గర్‌కు లేదని మరచిపోకూడదు. పేరులో టూ స్టేజ్ అని ఉన్నంత మాత్రాన మౌజర్ భద్రత రాదు.

తేలికదనం మీద మోజు కొత్తది కాదు. యూరప్‌లో శతాబ్దాల క్రితమే సెట్ ట్రిగ్గర్లు వచ్చాయి. వీటిలో చాలావాటికి రెండు ట్రిగ్గర్లుంటాయి: ఒకదాన్ని లాగి చిన్న స్ప్రింగు సుత్తిని బిగిస్తే, రెండోదాన్ని కొద్ది గ్రాముల ఒత్తిడితో తాకగానే ఆ సుత్తి ఎగిరి సియర్‌ను కొడుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ఫ్రీ రైఫిళ్లు అనే పోటీ తుపాకుల్లో ఇవి రాజ్యమేలాయి. వీటి లోపం సుత్తి ప్రయాణంలోనే ఉంది: వేలు తాకినప్పటి నుంచి ఫైరింగ్ పిన్ బయలుదేరే దాకా మధ్యలో మరో ముక్క కదలాలి, ఆ కాస్త ఆలస్యంలో గురి జరిగిపోతుంది. మీటల ట్రిగ్గర్లు తగినంత తేలికయ్యాక సెట్ ట్రిగ్గర్లు రైఫిల్ పోటీల నుంచి దాదాపు తప్పుకున్నాయి. తర్వాత ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు వచ్చాయి. వీటిలో వేలు కదిపేది స్విచ్‌ను మాత్రమే. సియర్ రాపిడి వేలి దాకా రాదు. విచిత్రమేమిటంటే వీటిలోనూ మొదటి దశను స్ప్రింగుతో సృష్టించి పెడతారు. యంత్రానికి అవసరం లేకపోయినా వేలికి అవసరం కాబట్టి.

ఏ రకం ఎంచుకున్నా, సరిగా అమర్చకపోతే ఎంపిక వృథా. మ్యాచ్ ట్రిగ్గర్‌లో షూటర్ తాకదగ్గ స్క్రూలు కొన్నే: మొదటి దశ బరువు, రెండో దశ బరువు, మొదటి దశ పొడవు, విడుదల తర్వాత ట్రిగ్గర్ ఆగే చోటు. సియర్ ఆనిక స్క్రూ కూడా ఉండవచ్చు. దాన్ని తెలిసినవాళ్లు తప్ప ముట్టకపోవడమే మంచిది. విడుదల తర్వాతి కదలికను ఓవర్‌ట్రావెల్ అంటారు. గోడ విరిగాక ట్రిగ్గర్ ఇంకా స్వేచ్ఛగా వెనక్కి పోతే, వేలు దాన్ని వెంబడించి చివర ఢీకొంటుంది. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే ఆ తాకిడి రైఫిల్‌కు చేరవచ్చు. ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల మాత్రమే కాబట్టి ఈ ప్రమాదం అక్కడ మరీ ఎక్కువ. ఓవర్‌ట్రావెల్‌ను పూర్తిగా తీసేస్తే సియర్ పూర్తిగా విడవక ట్రిగ్గర్ ఇరుక్కుంటుంది. కాబట్టి ఇరుక్కునే చోటు నుంచి కొద్దిగా వెనక్కి తిప్పి వదలాలి.

బ్లేడు స్థానం చాలామంది పట్టించుకోని విషయం. వేలు మొదటి గణుపు మెత్తని భాగంతో బ్లేడును నేరుగా వెనక్కి తోయాలి. పక్కకు లాగితే షాట్ల గుంపు అడ్డంగా సాగుతుంది. టూ స్టేజ్‌లో వేలు కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి దాని కోణం మారుతుంది. లంబంగా ఉండాల్సింది మొదలుపెట్టినప్పుడు కాదు, మొదటి దశ ముగిసి గోడ దగ్గరున్నప్పుడు. సింగిల్ స్టేజ్ నుంచి టూ స్టేజ్‌కు మారినవాళ్లు బ్లేడును కదపకుండా వాడి, కొత్త ట్రిగ్గర్ నచ్చలేదని వదిలేయడం తరచూ కనిపిస్తుంది. నిజానికి తప్పు రకంలో లేదు, బ్లేడును కాస్త ముందుకు జరపకపోవడంలో ఉంది.

రెండింటిలో ఏది తనకు నప్పుతుందో తేల్చుకునే షూటర్ స్కోరును కాక షాట్ వెళ్లిన తీరును చూడాలి. తాను సిద్ధపడకముందే షాట్లు వెళ్తుంటే మొత్తం బరువు పెంచాలి లేదా గోడ స్పష్టంగా ఉండేలా రెండో దశ పెంచాలి. గోడ దగ్గర నిలబడిపోయి, నొక్కలేక, ఎనిమిది పది సెకన్లు గడిచి కళ్లు అలసిపోతుంటే రెండో దశ బరువు ఎక్కువైందని అర్థం. లేదా ఆ షూటర్‌కు మజిలీయే భారమైంది, సింగిల్ స్టేజ్ ప్రయత్నించవచ్చు. తూటా లేకుండా డ్రై ఫైరింగ్ చేస్తూ బ్యారెల్‌కు బిగించే ఆప్టికల్ శిక్షణ పరికరంలో గురి జాడను చూస్తే, విడుదలకు ముందు చివరి అర సెకనులో గీత ఎటు ఉలిక్కిపడుతోందో కనిపిస్తుంది. రెండు రకాలతోనూ కొన్ని వారాలు చేయనిదే ఆ జాడ ఏదీ తేల్చదు, ఎందుకంటే వేలు పాత అలవాటును అంత తొందరగా వదలదు.

ఒకసారి అమరిక కుదిరాక దాన్ని పాడుచేసేది ఎక్కువగా నూనె. మ్యాచ్ ట్రిగ్గర్‌లో మీటల అంచులు పలుచని పొరతోనో, పూర్తిగా పొడిగానో పనిచేసేలా చేస్తారు. పైనుంచి నూనె పోస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది, రాపిడి మారుతుంది, 100 గ్రాములు ఒకరోజు 90, మరోరోజు 120 అవుతాయి. ఎండాకాలపు దుమ్ము ఎక్కువగా ఉండే మన మైదానాల్లో ట్రిగ్గర్ పెట్టెను తయారీదారు చెప్పినట్టు మాత్రమే శుభ్రం చేసి, పోటీకి ముందు బరువు కొలిచే గేజ్‌తో రెండు దశలనూ విడివిడిగా సరిచూసుకోవాలి.